సగం బాబిన్

మా సందు మొదట్లో జాకెట్లు కుట్టే ఆంటీ చనిపోయారు. ఆ సంగతి నాకు ఐదో రోజున, లిఫ్టులో పక్కింటావిడ అంటే తెలిసింది. గుండె ఆగిపోయిందట, దవాఖానకు చేర్చేలోగానే. ఆవిడ పోయిన రోజు డప్పులు మోగుతుంటే ఏమిటని మంచం మీంచే అడిగాను. "బోనాలటలే, పడుకో" అంది అమ్మ. ఇక్కడ, మణికొండలో పుట్టినవాళ్ళెవరైనా ఆ దెబ్బ వినగానే చావు డప్పని చెప్పేస్తారు. మాది కాకినాడ. నాకు తేడా తెలియలేదు. ఆవిడ వెళ్ళిపోతుంటే, పండగనుకుని విసుక్కుని, తలగడ చెవులకు అదుముకున్నాను.

ఎందుకు దాచావంటే, చెబితే మెట్లు దిగి పరిగెడతావని అంది అమ్మ. అసలు కారణం అది కాదు. ఆవిడ దగ్గర కూర్చుని కూర్చునే నాకు నొప్పి అలవాటైందని మా ఇంట్లో గట్టి నమ్మకం. అలవాటట, కాఫీలాగా.

తొమ్మిదేళ్ళ కిందట స్కూటీ మీంచి పడితే వెన్నెముకకు రాడ్లు పెట్టి స్క్రూలు బిగించారు. అవే గుచ్చుకుంటున్నాయేమోనని నిరుడు తీయించారు. నాన్న వాటిని శుభ్రంగా కడిగి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ చూపించారు. వాళ్ళు డబ్బా చూసి, ఇక తగ్గిపోయినట్టేనని టీ తాగి వెళ్ళారు. నొప్పి మాత్రం వెళ్ళలేదు. పొద్దున్నే నడుములో ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టు మొదలై, సాయంత్రానికి మడమ దాకా దిగుతుంది. ఎక్స్‌రే బాగుందన్నారు. ఎక్స్‌రే బాగుంది కాబట్టి మొదట నాది బద్ధకమైంది, తర్వాత మొండితనం, ఈమధ్య ఒంటరితనం. ఉద్యోగం మాన్పించి ఆదివారం నన్ను కాకినాడ తీసుకుపోవాలని అమ్మా నాన్నా నిర్ణయించేశారు.

మచ్చకు ఒరుసుకోని జాకెట్టు కావాలని మొదటిసారి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. టేపు పక్కన పెట్టి, వేళ్ళతో నా వీపు మెల్లగా తడిమారు. "బొక్కలు నొస్తున్నయా?" అని అడిగారు. కోస్తావాళ్ళకు బొక్క అంటే రంధ్రమే. "అవునండీ, స్క్రూలు తీసినచోట ఇంకా పూడలేదేమో" అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వారు. బొక్కలంటే తమ దగ్గర ఎముకలని చెప్పి, చెబుతూ చెబుతూనే నవ్వు ఆపేశారు.

"రెండూ ఒక్కటే అయినయి గద బిడ్డా నీకు" అన్నారు.

ఏడాదిలో నా నొప్పి గురించి ఎవరైనా అన్న మాటల్లో సరైన మాట అదొక్కటే.

ఆవిడ దేవతేం కాదు. రేపు ఇస్తానంటే అది ఏ రేపో దేవుడికి కూడా తెలియదు. అడిగితే, "మీ ఆఫీసోళ్ళకు అన్నీ ఇయ్యాలనే కావాలె" అని దెప్పేవారు. సందులో ఎవరి జాకెట్టు ఎన్ని అంగుళాలు పెరిగిందో అందరికీ చెప్పేవారు. నా నొప్పి గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ మిషను పక్కన, కింది దారం చుట్టుకునే బాబిన్లు ఎప్పుడూ సగమే చుట్టి ఉండేవి. దారం పొదుపనుకున్నాను. కాదు. ఆవిడకూ ఇరవై ఏళ్ళుగా నడుము నొప్పి. నిండా చుట్టుకుంటే పనిలో పడి లేవడం మరిచిపోతారు. సగమే అయితే దారం తొందరగా అయిపోతుంది, లేవక తప్పదు. లేచి, షట్టరు దాకా నడిచి, వచ్చేపోయేవాళ్ళ మీద ఏదో ఒక మాట విసిరి, మళ్ళీ చుట్టుకుని కూర్చునేవారు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆవిడ మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చుని ఏడ్చేశాను. ఇలా ఇంకో యాభై ఏళ్ళు బతకడం నావల్ల కాదన్నాను. అది ఉత్తమాట కాదు. ఆవిడకు ఆ సంగతి అర్థమైందనే అనుకుంటాను. మిషను ఆపారు కానీ దగ్గరికి తీసుకోలేదు, ఓదార్చలేదు.

"యాభై ఏండ్లు నిన్నెవరు బతుకుమన్నరు? గీ బాబిన్ అయిపోయేదాంక కూసో. అటెన్క చూద్దాం."

కూర్చున్నాను. అయిపోయాక ఆవిడ ఇంకొకటి చుట్టారు. మర్నాడు ఫోనులో ఇరవై నిమిషాలకో అలారం పెట్టుకుని, దానికి బాబిన్ అని పేరు పెట్టాను. కోకాపేట ఆఫీసులో అది మోగినప్పుడల్లా లేచి నిలబడతాను. పక్క సీటతను మొదట్లో నవ్వేవాడు. నొప్పి ఏమాత్రం తగ్గలేదు. పని మాత్రం ఆగలేదు.

ఇప్పుడు నేను చెప్పకముందే నా నొప్పిని నమ్మే మనిషి ఈ ఊళ్ళో లేదు. కొన్ని పొద్దుటిపూటలు మంచం దిగడానికి కారణం వెతుక్కుంటాను, దొరకదు. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి పదకొండుసార్లు లేచాను.

నిన్న ఆవిడ కూతురు షట్టరు ఎత్తి, ఎవరి గుడ్డలు వాళ్ళకు ఇచ్చేస్తోంది. నా సంచిలో ఆకుపచ్చ గుడ్డ ఉంది. వీపు ముక్క ఒక్కటే కత్తిరించారు. మచ్చ వచ్చేచోట సుద్దతో పొడుగ్గా ఒక గీత, అక్కడ కుట్టు రాకూడదని గుర్తుగా పక్కన చిన్న ఇంటూ. మడిస్తే చెరిగిపోతుందని రెండు చేతుల మీదా పరుచుకుని మెల్లగా ఇంటికి తెచ్చాను. గదిలో అమ్మ అప్పటికే నా పెట్టె సర్దేసి పెట్టింది. దాని మూత మీద ఆ ముక్కను పరిచాను.

నేను కాకినాడ రావడం లేదని నాన్నకు చెప్పాను.