నానీ తెచ్చిన సారె

మొన్న శుక్రవారం పొద్దున "పక్కింటి నానీ పోయింది" అని మా అత్త చెబితే నేను నమ్మలేదు. ఆమె చెప్పిన మాటను ఇంకొకరి నోట వింటే తప్ప నమ్మే అలవాటు నాకు లేదు. గోడ మీదుగా తొంగి చూశాను. లోపల ఆడవాళ్ల ఏడుపు వినబడింది.

నన్ను మా ఇంట్లో అనుమానాల పుట్ట అంటారు. అననీ. నందికొట్కూరు నుంచి కొత్తకోడలిగా కడపకు వచ్చినప్పుడు ఈ ఊరి పండగలు చూసి నాకు మరీ అనుమానం పట్టుకుంది. రంజానుకు తన కచేరీ ఉద్యోగానికి సెలవైతే మా ఆయన పొద్దున్నే సాయిబుల ఇళ్లకు సేమ్యా పాయసానికి పోయేవాడు. పీర్ల పండక్కి మా అత్త చక్కెర, సాంబ్రాణి పంపేది. ఒకరి పండగతో ఇంకొకరికి ఏం పని, ఇందులో ఎవరికి ఏం లాభం అని ఆలోచించేదాన్ని.

నానీ, అంటే వాళ్ల మాటలో అమ్మమ్మ, మా పక్కన సాయిబుల ఇంట్లో పెద్దావిడ. కిటికీ దగ్గర కూర్చుని వక్కలు కత్తిరిస్తూ వచ్చేపోయేవాళ్లను పలకరించేది. "ఏం పాపా, తింటివా?" అని నన్నూ అడిగేది. నేను తింటే ఈమెకేం, తినకపోతే ఈమెకేం అనుకుని ఊఁ అని తప్పుకునేదాన్ని.

కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చాక అది తొలి ఉగాది. పెళ్లయ్యాక నాకూ అదే తొలి ఉగాది. పెళ్లిలో మర్యాద జరగలేదని మా అత్త, ఆమె అన్న మాటలకు మా నాయన, ఇద్దరూ అలిగి కూర్చున్నారు. పుట్టింటి నుంచి పురుగు కూడా రాలేదు. "తొలి పండక్కి మనిషన్నోడు రాలేదే! నీకు పుట్టినిల్లు ఉన్నట్టా, లేనట్టా?" అంది అత్త, వీధిలో నలుగురూ వినేటట్టు. ఏడిస్తే ఆమె గెలిచినట్టేనని ఏడవలేదు.

అంతలో నానీ బురఖా వేసుకుని, ఇత్తడి పళ్లెంలో టెంకాయ, బెల్లం, చింతపండు పెట్టుకుని బయలుదేరింది.

"యాడికి నానీ?" అన్నాను.

"దేవుని కడపకు పోతాండా. స్వామి దగ్గరికి."

ఉగాదినాడు సాయిబులమ్మకు స్వామితో ఏం పని? దీని సంగతేదో చూడాలని గుడి వంకతో నేనూ వెంట నడిచాను. అక్కడ చూస్తే బురఖాలే బురఖాలు. పూజారి ఒక్కరినీ అడ్డగించలేదు.

"ఇదేం చోద్యం నానీ?"

"చోద్యమేముండాది? బీబీ నాంచారమ్మ మా ఇంటి బిడ్డ, స్వామి మా అల్లుడు. పండగపూట పుట్టింటోళ్లు సారె తేకుంటే అత్తింట్లో బిడ్డ తలెత్తుకోని ఎట్ల తిరుగుతాది?"

అంత జనంలో నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకని ఆమె అడగలేదు. మా అత్త గొంతుకు మధ్యగోడ ఒక లెక్కా!

సాయంత్రం నానీ మా ఇంటికొచ్చింది. పళ్లెంలో రవికె గుడ్డ, గాజులు, కుంకుమ పొట్లం, బెల్లం. "మా పాపకు పుట్టింటి సారె" అని అత్త ఎదురుగానే నా చేతికిచ్చింది. నాకేమో సంతోషం కంటే ముందు అనుమానమొచ్చింది. కొత్త ఊళ్లో ఎవరేమిచ్చినా తినొద్దు, మందు పెడతారని మా అమ్మ చెప్పి పంపింది.

"ముందు మీరు తినండి నానీ" అన్నాను.

ఆమె పగలబడి నవ్వి బెల్లం ముక్క కొరికింది. "అనుమానం శానా మంచిది పాపా. పుట్టింట్లోనైనా చూసుకోనే తినల్ల."

మా నాయన ఇంతవరకూ రాలేదు. నానీ సారె ఏ ఉగాదికీ తప్పలేదు. ఏదో ఒకనాడు ఏదో అడుగుతుందని ఏటా కాచుకుని ఉండేదాన్ని. ఏమీ అడగకుండానే పోయింది. ఆమె లేని కడపలో నేను మళ్లీ ఒంటరిదాన్నయ్యాననుకున్నాను.

శుక్రవారం వాళ్ల గుమ్మం దాకా పోయి ఆగిపోయాను. పండగనాడు ఎవరినైనా కూతురంటారు, చావునాడే అసలు చుట్టరికం తేలుతుందని నా అనుమానం. నానీ పెద్దకొడుకు నన్ను చూసి కోప్పడ్డాడు.

"ఇంతసేపు యాడుండావు చెల్లీ? నమాజుకు పొద్దుపోతాండాది. ఇంటి ఆడబిడ్డ వచ్చి మొగం చూడకుండా అమ్మను ఎట్ల ఎత్తేది?"

లోపల నానీ ముఖం మీద ఇంకా గుడ్డ కప్పలేదు. బయట మోయడానికి వచ్చినవాళ్లంతా, చైత్రమాసపు ఎండలో, నా కోసం నిలబడి ఉన్నారు.