విత్తనానికి వదిలిన సొరకాయ

ఈ సాయంత్రం నీళ్లు పోయడానికి మా నూజివీడు అపార్ట్‌మెంట్ డాబా ఎక్కితే, విత్తనానికని వదిలిన సొరకాయ పాదుకు లేదు. వాటర్ ట్యాంకుల వెనక ఖాళీ జాగాలో, పాత మామిడికాయల ట్రేలలో మట్టి పోసి పెంచుతున్న పాదు అది. విత్తనం చాట్రాయిలో మా చెల్లెలి పెరటిది. ఆ పెరడు అమ్మేశారు. తెచ్చిన గింజల్లో మొలిచింది ఇదొక్కటే. అందుకే ఎవరూ కోయకుండా కాయకు గుర్తుగా ఎర్రగుడ్డ కట్టాను.

కిందికి దిగేసరికి మూడో అంతస్తు రమణి గిన్నెతో మా గుమ్మంలో నిలబడి ఉంది.

"అక్కయ్యగారూ, మీ సొరకాయ పులుసండీ. ముదిరిపోతోందని నేనే కోసేశా. మోకాళ్ల నొప్పులతో మీరేం ఎక్కుతారు!"

"ఎర్రగుడ్డ చూడలేదా అమ్మా?"

"చూశానండీ. దిష్టికి కట్టారు కదా! జాగ్రత్తగా విప్పి మళ్లీ తీగకే కట్టేశా."

"గింజలో?"

"చెత్తబండిలో వేసేశానండీ."

గిన్నె అందుకున్నాను. మళ్లీ మెట్లెక్కి చూశాను. ఎండుముఖం పట్టిన తీగకు ఆ గుడ్డ, దాని పక్కనే వేలెడంత పిందె. నిలబెట్టు స్వామీ అని దండం పెట్టుకుని దిగాను.

పులుసు మాత్రం బాగుంది. విత్తనపు కాయకు మీరేం గుర్తు పెడతారో చెప్పండి. గుడ్డ తప్ప.