చెక్కభజన సీడీ మూగబోయిన పూట

నా మొగుడు పెనుకొండ దగ్గర లారీ కింద పడి చచ్చిపోయాడు. ముఖం కూడా చూడనివ్వలేదు నన్ను, గుడ్డ కప్పేశారు. చెక్కభజన గురువు ఆయన. పోయే ముందటి వేసవిలో ఆయన జట్టు పాడిన పాటలను హిందూపురంలో ఒక స్టూడియో ఆయన రికార్డు చేశాడు. మొగుడు పోయాక ఆ సీడీ నా చేతికొచ్చింది. నాకు కావలసింది ఒక్కటే, ఆ గొంతు మళ్లీ వినడం.

మా ఇంట్లో సీడీ వేసేది ఏదీ లేదు. ధర్మవరంలో మరిదికి కంప్యూటర్ ఉంది. పట్టుచీరల అంచులకు డిజైన్లు దాంట్లోనే గీస్తాడు. సీడీని కొంగులో చుట్టుకుని రైలెక్కాను. పెనుకొండలో రైలాగితే ఆ రోడ్డు వైపు చూడలేక కళ్లు మూసుకున్నాను.

మరిది సీడీ పెట్టాడు. లోపల గిర్రున తిరిగింది. తెర మీద అంకెలు పరుగెత్తాయి. పాట లేదు. సౌండు పెంచాడు, స్పీకర్ల తీగలు పీకి మళ్లీ గుచ్చాడు, పెట్టె మీద అరచేత్తో బాదాడు. ఊహూ. కంప్యూటర్‌లో దాచుకున్న సినిమా పాట పెడితే మాత్రం గోడలు అదిరాయి.

"సూసినావా వదినా? నా పెట్టె బాగనే ఉండాది. నీ సీడీనే ఉత్తది."

"అంకెలు పోతాండాయి కదబ్బా. ఉత్తదైతే యాల పోతాయి?"

"నాకు చెప్పేదానివా నువ్వు? మా అన్నను మింగింది సాలక నా కంప్యూటర్‌నూ మింగను వచ్చినావా?"

సీడీ బయటికి లాగి విరవబోయాడు. ఆ చేతిని కొరికాను. నోట్లో ఉప్పగా రక్తం తగిలేదాకా వదల్లేదు. రెండో చేత్తో నా చెంప పగలగొట్టాడు. చెవి గుయ్యిమంది. సీడీ మాత్రం నా చేతికొచ్చింది, రొమ్ముకు అదుముకున్నాను. జుట్టు పట్టి మగ్గం దాకా ఈడ్చాడు.

అప్పుడు అరిచింది నా తోడికోడలు.

"ఇడ్సు ఆ యమ్మను! నేనే చేసింది! ఆయుధపూజకు పెట్టె ఇప్పి తుడిచి, లోపలంతా కుంకుమ పెట్టినా. సీడీ పెట్టే కాడ ఒగ సన్న తీగ ఊడొచ్చె. యాడ గుచ్చాలో తెలీక దేవునిగూట్లో పెట్టినా. చెప్తే సంపుతావని..."

నన్ను వదిలేసి దాన్ని తన్నాడు. నోటి మీద గుద్దాడు. మగ్గం మీది నాడె నా చేతికందింది, అదే, అటూ ఇటూ విసిరి దారం పోసేది. దాంతో వాడి నుదుటి మీద కొట్టాను. కూలబడ్డాడు.

"లేసి తీగ గుచ్చు. గుచ్చకపోతే ఇంకొగటి పడ్తాది."

తుండుగుడ్డ నుదుటికి అదుముకుని, తోడికోడలు దేవునిగూట్లోంచి తెచ్చిచ్చిన, కుంకుమంటిన ఆ తీగను గుచ్చాడు. పెట్టెలో దాచిన పాటలకు అది అక్కర్లేదట. సీడీలోని పాట బయటికి రావడానికి అదే దారట.

ముందు చెక్కల చప్పుడు. తర్వాత ఆయన. పాట కాదు.

"ఏమ్మే, యాడ సచ్చినావే? గొంతెండిపోతాండాది, నీళ్లు తేవే! తెస్తావా, చెక్క తీసుకుని రావల్నా?"

రికార్డింగు పూట వాళ్లకు నీళ్లు మోసింది నేనే. స్టూడియో ఆయన ఆ మాటను కోసెయ్యలేదు. నా కాళ్లు వాటంతట అవే లేచాయి. వంటింట్లో చెంబు ముంచాను. ముంచాక ఎవరికివ్వాలో తెలియక నిలబడిపోయాను. అవతల ఆయన పాట ఎత్తుకున్నాడు.

తోడికోడలు పెదవి చిట్లి గోడకానుకుని ఉంది. ఆ నీళ్లు దానికి తాగించాను. మరిది చెయ్యి చాపాడు. ఖాళీ చెంబు బోర్లించి చూపించాను.