కాంతమణి అడిగితే చెప్పేవారు

కాంతమణి గొంతు తెలియనివాళ్ళు సికింద్రాబాదులో తక్కువ. ముఖం తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. ఇరవై రెండేళ్ళపాటు ఆమె స్టేషన్లో ఒక చిన్న గదిలో కూర్చుని, ఏ బండి ఎక్కడికి వస్తుందో, ఎంత ఆలస్యమో మైకులో చెప్పింది. విజయనగరం నుంచి పెళ్ళయి వచ్చిన కొత్తలో, యాస దిద్దుకోవడానికి అద్దం ముందు నిలబడి ఊళ్ళ పేర్లు వల్లె వేసేది. కొన్నాళ్ళకి ఆ యాస మైకు దగ్గర పోయి, ఇంట్లో మాత్రం మిగిలింది.

తరవాత కంప్యూటరు వచ్చి ఆ పని తీసుకుంది. ఆమెను పార్సిలు ఆఫీసుకి మార్చారు. నాలుగేళ్ళు అక్కడ మూటల మీద నంబర్లు చూసి చూసి, స్వచ్ఛందంగా రిటైరయింది. మౌలాలి రైల్వే కాలనీలో ఇల్లు. భర్త తాతాజీకి ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఆమె ఇంట్లో కూర్చున్న మూడో నెలలో ఆయన నవ్వుతూనే అన్నాడు.

"ఏటే, ఉప్మా అయిందన్న మాట కాలనీ అంతటికీ వినబడేలా చెప్తన్నావు. నీకు మాటలు మిగిలిపోయాయి. ఎక్కడికైనా వెళ్ళి మాటాడి రాకూడదా?"

దారి చూపించింది పక్క క్వార్టర్సులో ఉండే రజిత. డిగ్రీ అయి, సాయంత్రాలు కంప్యూటరు కోర్సు చేస్తూ, పగలు బేగంపేటలో ఒక సర్వే కంపెనీలో ఫోన్లు చేసేది. మాట స్పష్టంగా ఉన్నవాళ్ళు ఇంకొకరు కావాలట అని చెప్పింది. రెండువేల మూడు చివరి రోజులవి. బేగంపేటలో ఏ మెట్లెక్కినా ఏదో ఒక కొత్త కంపెనీ బోర్డు కనిపించేది. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న పిల్లల మధ్య, యాభై రెండేళ్ళ కాంతమణి నేత చీర కట్టుకుని, టిఫిను డబ్బా పట్టుకుని మూడో అంతస్తు ఎక్కింది.

అక్కడ అందరికీ పెద్ద రాజేందర్. జనగామ వైపు కుర్రాడు, ముప్పై దాటలేదు, లెక్కల చదువు చదివాడు. పని అతనే చెప్పాడు.

"ఒక పార్టీవాళ్ళు మనకు పని ఇచ్చిండ్రమ్మా. పదిహేను దినాలకోసారి ఆరు నియోజకవర్గాలల్ల ఫోన్లు చేసి, ఇయ్యాల ఎలక్షనైతే ఎవరికి ఓటేస్తరని అడగాలె. జ్వరం చూసినట్టన్నట్టు. పోయినసారి ఎంతుండె, ఇప్పుడెంతుంది, గంతే."

"జ్వరం పార్టీకా బాబూ, జనానికా?"

రాజేందర్ నవ్వాడు. "ఏ పార్టీయో మాత్రం అడగద్దు. తెలిస్తే మీ గొంతుల ఒస్తది. ప్రశ్న ఎట్ల రాసుందో గట్లనే చదవాలె."

పని కష్టం కాదు. డైరెక్టరీలో ఇన్ని పేర్లకొకటి చొప్పున గుర్తు పెట్టి ఉంటాయి. ఫోను తిప్పడం, ఎవరు ఏ ఇంటినుంచి మాట్లాడారో బయటికి చెప్పబోమని మాట ఇవ్వడం, తొమ్మిది ప్రశ్నలు అడగడం, జవాబుకి ఎదురుగా టిక్కు పెట్టడం. కాగితం పైభాగంలో చిన్న చీటీ ఉండేది. ఫోను నంబరు, వీధి దానిమీద రాయాలి. కింద జవాబులు. జవాబుల వరసలో ఆఖరి గడి 'చెప్పలేను'.

చిక్కు అక్కడే వచ్చింది. మొదటి విడత అయ్యాక రాజేందర్ కాగితాలు లెక్కపెట్టాడు. మిగతా ఆరుగురు అమ్మాయిలకీ నూటికి ముప్పైమంది దాకా 'చెప్పలేను' అన్నారు. కాంతమణికి ఎనిమిదిమంది. పైగా మిగతావాళ్ళ లెక్కల్లో ముందున్న పార్టీ ఈమె కాగితాల్లో వెనకబడి ఉంది. ఎవరినీ అడక్కుండానే టిక్కులు పెట్టినవాళ్ళని అతను ఇదివరకు చూశాడు. ఎదుటివాళ్ళ నోట్లో మాట పెట్టేవాళ్ళనీ చూశాడు. ఇంత పెద్దావిడని ఏమని అడగడం? చెప్పకుండా పక్క గదిలో రిసీవరు ఎత్తి ఆమె లైను విన్నాడు.

మౌలాలి గుట్ట వెనక వీధిలో ఒక ఇల్లు. ఎత్తింది ఆడమనిషి.

"నాకేం తెల్వదమ్మా. మా ఆయన ఒచ్చినంక చెయ్యి."

"మీ ఓటు సంగతేనండి అడుగుతున్నాను. మీరే చెప్పాలి," అంది కాంతమణి, ప్రశ్న మళ్ళీ నిదానంగా చదివింది. చదివి ఊరుకుంది.

రాజేందర్ గడియారం చూశాడు. అయిదు సెకన్లు. ఎనిమిది. అవతల కుక్కరు కూత వినబడుతోంది. ఇంకెవరైనా అయితే ఈపాటికి 'చెప్పలేను' గడిలో టిక్కు పెట్టి తరవాతి ప్రశ్నకి పోయేవారు. పదకొండో సెకనులో ఆ గొంతు తగ్గింది.

"మా ఇంట్ల అందరు ఒక్కదానికే ఏస్తరు. నేను సుత గదే అంట. కానీ ఈసారి ఎయ్య. నీళ్ళ పైపు ఏస్తమని రెండేండ్లాయె. బిందె మోసేది నేను, ఆళ్ళకేం తెలుస్తది?" అని, కాస్త ఆగి, "అమ్మా, జెర ఆగు. నువ్వు టేషన్ల రైళ్ళు చెప్పేటామెవు కాదూ? మా చెల్లె పెండ్లికి కాజీపేట బండి మూడు గంటలు లేటని నువ్వే చెప్పినవ్!"

ఆ సాయంత్రం రాజేందర్ ఆమె బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దొంగతనంగా విన్నానని ముందు ఒప్పుకున్నాడు. "గొంతు గుర్తుపట్టేటోళ్ళు ఎందరుంటరమ్మా, పదిమందిల ఒకరు. మిగిలినోళ్ళు ఎందుకు చెప్తున్నరు? మీరు అడిగి గట్ల ఆగుడేంది?"

 ఆగుతున్నానని కాంతమణికే తెలీదు. "స్టేషన్లో అలవాటు బాబూ. ఒక మాట చెప్తే అది చివరి ప్లాట్‌ఫారం దాకా వెళ్ళి, మోగి, మళ్ళీ మనకి వినబడుద్ది. అది సద్దుమణగకుండా రెండో మాట చెప్పామా, రెండూ పోతాయి. మరి మనుషులకైనా, అడిగిన మాట లోపలికి వెళ్ళి రావద్దా?"

మర్నాటి నుంచి ఆ అమ్మాయిలందరికీ ఆమె దగ్గరే పాఠం. ఆగడం నేర్చుకోవడం అంత తేలిక కాలేదు. రజిత బల్ల కింద వేళ్ళు ముడుస్తూ పది లెక్కపెట్టేది, ఏడు దగ్గరే "హలో, ఉన్నారా?" అనేసి నాలిక కరుచుకునేది. కాంతమణి ఆమె చేతిమీద చెయ్యి వేసి ఉంచేది. మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు ఆవ పెట్టిన పనసపొట్టు కూర అందరికీ పెట్టి, ఎవరు ఎక్కడ తొందరపడ్డారో చెప్పేది. ఆ పిల్లలు ఆమెని 'మేడం' అనడం మాని 'పెద్దమ్మా' అనడం మొదలుపెట్టారు.

మూడో విడతకి అందరి కాగితాల్లోనూ 'చెప్పలేను' పన్నెండుకి దిగింది. దానితోపాటే, తొమ్మిది శాతం ముందున్న పార్టీ ఆధిక్యం ఒక్క శాతానికి తగ్గింది. ఆ పార్టీయే తమకి పని ఇచ్చిందని కాంతమణికి తెలిసింది కన్నబాబు వచ్చిన రోజున.

కన్నబాబు పార్టీ ఆఫీసులో సర్వేలు చూసే మనిషి. తెల్ల చొక్కా, చేతిలో రెండు సెల్‌ఫోన్లు. కోపిష్టి కాడు. అంకెలన్నీ, జనం చెప్పిన ఇబ్బందుల జాబితా కూడా ఓపిగ్గా చూశాడు. "ఫోనున్న ఇళ్ళల్లోనే ఇలా ఉంటే ఎలాగండీ?" అని నిట్టూర్చాడు. తరవాత అసలు సంగతి అడిగాడు.

"ఆ పైన చీటీలు కూడా ఇప్పించండి. మనకి వెయ్యనన్నవాళ్ళ నంబర్లు."

రాజేందర్ ఇబ్బందిగా కదిలాడు. "అట్ల ఇయ్యం సార్. టోటల్సే ఇస్తం."

"మేమేమన్నా బెదిరిస్తామాండీ? పైపు లేదన్నవాళ్ళకి పైపు వేయిద్దాం. మంచి పనే కదా!"

 మాట మంచిదే. కాంతమణికి బిందె మోసే ఆ ఇల్లాలు గుర్తొచ్చింది. ఒక్క క్షణం, ఇచ్చేస్తే పోలేదా అనిపించింది కూడా. ఆమె లేచి నిలబడింది.

"పైపు ఆ వీధంతటికీ వేయించండి బాబూ. వీధి పేరు నేనే రాసిస్తాను, ఎన్ని ఇళ్ళో కూడా కనుక్కుని చెప్తాను. ఆ ఒక్క ఇంటికే వేశారనుకోండి, ఆవిడ ఏం చెప్పిందో ఇంట్లోవాళ్ళకి తెలిసిపోదూ? ఎవరికీ చెప్పనని నా నోటితో మాటిచ్చాను. ఆ పిల్లలూ ఇచ్చారు."

"మీరు ఉద్యోగులండీ. మాట ఇచ్చింది కంపెనీ," అన్నాడు కన్నబాబు, మర్యాదగానే.

"వాళ్ళు విన్నది నా గొంతండి."

రాజేందర్ అప్పటిదాకా కిటికీ వైపు చూస్తున్నాడు. ఇప్పుడు లేచి, కాగితాల కట్ట ముందుకి లాక్కున్నాడు. చిల్లుల గీత వెంబడి ఒక్కొక్క చీటీ చింపి, ముక్కలు చెయ్యడం మొదలుపెట్టాడు. అమ్మాయిలు ఒకరి తరవాత ఒకరు వచ్చి తలో కట్టా తీసుకున్నారు. పదిహేను నిమిషాలు ఆ గదిలో కాగితాలు చిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. కన్నబాబు మొత్తాలున్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కాంతమణి రాసిచ్చిన వీధి పేరు కాగితం కూడా తీసుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగో విడత జరగలేదు. పని వేరే కంపెనీకి పోయింది. రాజేందర్‌ని పైవాళ్ళు పిలిచి గట్టిగానే అన్నారు. అమ్మాయిలు కాల్ సెంటర్లలో చేరారు. కాంతమణి మళ్ళీ ఇంట్లో పడింది. "మంచి పని చేసొచ్చావులే," అన్నాడు తాతాజీ, జరిగినదంతా విని. ఆ పూట వంట ఆయనే చేశాడు. ఉప్పు మరిచిపోయాడు.

పోలింగుకి కొన్ని రోజుల ముందు గుట్ట వెనక వీధిలో తవ్వకాలు మొదలయ్యాయి. అది కన్నబాబు పుణ్యమో, ఎన్నికల పుణ్యమో ఎవరికీ తెలీదు. కాంతమణి అటు వెళ్ళి చూడలేదు. ఆ ఇల్లాలి ముఖం ఆమెకు తెలీదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు.

ఫలితాలు వచ్చిన మర్నాడు మండుటెండలో రాజేందర్ స్కూటరు మీద మౌలాలి వచ్చాడు. మజ్జిగ తాగి, పాత అంకెల కాగితం బల్లమీద పరిచాడు. ఆరు నియోజకవర్గాల్లో నాలుగింట వాళ్ళ లెక్క నిలిచింది. రెండింట బొత్తిగా తప్పింది.

"గీ రెండు ఎట్ల తప్పినయో సమజైతలేదమ్మా. రాత్రంత పరేషానే."

కాంతమణి కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఆ రెండూ బస్తీలు ఎక్కువున్నవి. "ఫోను లేనోళ్ళని మనం అడగనేలేదు కదా బాబూ," అంది.

రాజేందర్ ఆ అంకెలవైపే చూస్తూ తల ఊపాడు. నెల తిరక్కుండా ఆ ఉద్యోగం మానేసి, పద్మారావు నగర్లో రెండు గదులు అద్దెకి తీసుకున్నాడు. ఇంటింటికీ వెళ్ళి అడిగే సర్వేలు. మొదట చేరింది రజిత. ఆమెకు పని నేర్పడానికి కాంతమణి.

మొదటి రోజే మెట్లు ఎక్కి దిగి కాంతమణి మోకాళ్ళు పట్టేశాయి. మూడు తలుపులు తెరుచుకోలేదు. నాలుగో ఇంటి గడపలో ఒక ముసలమ్మ చింతపండు గింజలు తీస్తోంది. రజిత నిలబడే కాగితం తీసి ప్రశ్న మొదలుపెట్టింది.

"గట్ల నెత్తిమీద నిలబడి అడిగితె నేనేం చెప్తా బిడ్డా?" అంది ముసలమ్మ, చేట పక్కకి జరుపుతూ. "కూసోరాదుండ్రి."

కాంతమణి రజిత కొంగు పట్టి లాగింది. ఇద్దరూ గడప మీద కూర్చున్నారు. ముసలమ్మ చేటలోంచి రెండు గుప్పెళ్ళ చింతపండు వాళ్ళ ముందు పోసింది. ప్రశ్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ముగ్గురూ గింజలు తీస్తూ కూర్చున్నారు.