అటు తిరగమన్నారు

మిర్యాలగూడలో మా రైస్ మిల్లు ల్యాప్‌టాప్ ఆపితే చాలు, తేదీ మరిచిపోతుంది. రెండేళ్లుగా రోజూ పొద్దున స్టార్టప్ సెట్టింగుల్లోకి వెళ్లి సరిచేసేది నేనే. ఎవరూ నేర్పలేదు, తప్పులు చేస్తూ నేర్చుకున్నాను.

ఈ రోజు కోదాడ నుంచి మా సావుకారు అల్లుడు వచ్చాడు. ఇంజనీరింగ్ చదివినాయన.

"ఎవలువడితె వాళ్లు కెలకకుండ సెట్టింగులకు పాస్‌వర్డ్ పెడత" అని కూర్చున్నాడు. ఎంతసేపటికీ లోపలికి పోలేకపోయాడు.

"యాదన్నా, ఏది నొక్కాలె?"

"ఆన్ కాంగనే ఎఫ్ టూ నొక్కున్రి సార్."

సెట్టింగులు తెరుచుకున్నాయి.

"ఇగ జర అటు తిరుగు, పాస్‌వర్డ్ కొడుతున్న."

పక్కనే కూర్చున్న సావుకారు వైపు చూశాను. ఆయన కూడా "తిరుగు యాదన్నా" అన్నాడు.

గోడవైపు తిరిగాను. రేపు పొద్దున తేదీ ఎవరు మారుస్తారని అడగలేదు. మీరైతే తిరిగేవారా?