సిలువలు గీకి సున్నలు పెట్టిన గ్రాఫు

సిలువంటే గిట్టకే గ్రాఫులో గుర్తులు మార్చేశానని మా క్షయ ఆస్పత్రిలో పనిచేసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. హిందువుల ఇంటి పిల్లను కదా, సులువుగా తేల్చేశారు. శుద్ధ అబద్ధం. ఆ సిలువలు మొదట పెట్టిందే నేను.

అరవైల తొలి రోజుల్లో, లెక్కల్లో డిగ్రీ పట్టుకుని, వెంకటాచలం దాటాక రోడ్డు వారనున్న ఆ ఆస్పత్రిలో రికార్డుల పనికి చేరాను. ఆఫీసు వెనక గదిలో కాపురం. కాపురమంటే నేనూ, కిరసనాయిలు స్టవ్వూ.

రోగులు చేరిన నాటి నుంచి ఎన్ని నెలలు బతికారో గ్రాఫు గీయడం నా పని. ఒకరు పోతే గీత ఒక మెట్టు దిగుతుంది. ఇంటికెళ్ళి మళ్ళీ కనిపించని వాళ్ళకు దింపకూడదు. చివరిసారి చూసిన నాటికి ప్రాణంతో ఉన్నారు, ఆపైన తెలియదు. గీత మీదే చిన్న గుర్తు పెట్టాలి. మా డాక్టరమ్మ తెచ్చిన వైద్య పత్రికలో కూడిక గుర్తుంటే, అదే పెట్టాను.

కోట అనే ఊరి నుంచి వైద్యానికి వచ్చి చేరిన క్రైస్తవుల అమ్మాయి, బడిలో టీచరు, మధ్యాహ్నాలు నా కిటికీ అవతల కూర్చునేది. నాతో వాదించే ఓపిక అక్కడ ఆమె ఒక్కతెకే ఉండేది.

"ఏందక్కా, నీ గీత ఎప్పుడూ కిందికే పోతాది? పైకి గీసేది కాలేజీలో నేర్పలేదా?"

"నేర్పలేదు. నువ్వు మందులు మింగు, దిగకుండా ఆగుతుంది."

"నా కోసరం ఆపుతావా?"

"నీ మొహం."

ఎనిమిదో నెలలో ఇంటికి పంపేశారు. తర్వాత పరీక్షకు రాలేదు. మూడు కార్డులు రాశాను, జవాబు లేదు. ఎనిమిదో నెల దగ్గర ఒక కూడిక గుర్తు పెట్టాను. గ్రాఫు గోడకెక్కింది.

కొన్నాళ్ళకు వాళ్ళమ్మ బుట్టలో గుడ్లు పెట్టుకుని వచ్చింది.

"మా బిడ్డ ఏ వార్డులో ఉందమ్మా? నీ మూడో కార్డు చూసుకోని, గీతలు గీసే అక్క కాడికి పోతన్నానని బస్సెక్కింది. రెండు వారాలైంది."

చేరికల పుస్తకం తిరగేశాను, ఆమె రానేలేదు. ఆమె చూపు గోడ మీదికి పోయింది.

"ఇన్ని సమాధులా! మా బిడ్డది యాడ?"

"సమాధులు కావమ్మా. ఏమయ్యారో తెలియదని గుర్తు."

"తెలీనోళ్ళకి సిలువ నాటినావా తల్లీ?"

బుట్ట అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

"ఇంట్లో లేదు, ఇక్కడికి రాలేదు. ఆ ఒంటితో ఎన్నాళ్ళుంటుంది? మెట్టు దింపెయ్యండి," అంది డాక్టరమ్మ.

"శవాన్ని మీరు చూశారా?"

"మీ మొండితనంతో లెక్క తప్పుతుంది."

"దింపితేనే తప్పుతుంది."

మెట్టు దింపలేదు. బ్లేడుతో సిలువలన్నీ గీకి, లోపల తెల్లగా ఉండే సున్నలు పెట్టాను. తల్లి ఆమెను బస్సెక్కించిన రోజు దాకా బతికే ఉంది గనక ఆ అమ్మాయి సున్నను పదో నెలకు జరిపాను. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు కిటికీ మూసుకునే పనిచేశాను.

కోట బస్సు మా గేటు ముందే ఆగేది. ఆ రోజు ఆమె నిజంగా నా దగ్గరికే బయల్దేరిందా, నన్ను సాకుగా చెప్పి ఇంకెక్కడికైనా పోయిందా?