చెత్త బటన్, మా చిన్నాయన

ఆ రోజుల్లో పొద్దున్నే ఈమెయిల్ తెరవాలంటే నాకు నీరసం ముంచుకొచ్చేది. (ఇప్పుడూ వస్తుంది, కాకపోతే ఇప్పుడు నెపం వయసు మీదికి నెట్టేస్తున్నాను.) రాయచూరులో కంప్యూటర్ కోర్సు ముగించి, మాన్విలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో చేరాను. యజమాని గోదావరి వైపు నుంచి కాలువ కింద వరి పండించడానికి వచ్చి, తర్వాత మిల్లు పెట్టిన మనిషి. అందరికీ పెద్దాయన. మెయిల్ తెరిస్తే చాలు లాటరీలు, బట్టతలకు మందులు, ఎక్కడో పోయిన కోటీశ్వరుడి ఆస్తికి వారసుడిగా ఏరికోరి మా మిల్లునే ఎంచుకున్న లాయర్లు. వీటి మధ్య బియ్యం కొనేవాళ్ళ ఉత్తరాలు ఏరుకోవడానికే పూట గడిచిపోయేది. "ఏవయ్యా, అంత చదువు చదివావు, ఈ దరిద్రాన్ని ఆపలేవా?" అన్నారు పెద్దాయన.

ఆపుతానని గొప్పగా చెప్పి, ఊరికే దొరికే స్పామ్ ఫిల్టర్ ఒకటి తెచ్చి పెట్టాను. దానికి పైసా కట్టక్కర్లేదు, నేర్పాలి అంతే. పనికిరాని మెయిల్ వచ్చినప్పుడల్లా 'చెత్త' బటన్ నొక్కుతూ పోతే, మెల్లగా పోలికలు పట్టుకుని, అలాంటివాటిని తనే పక్క డబ్బాలో పడేస్తుంది. నాలుగు రోజులు కూర్చుని, వందల మెయిళ్ళు ఒక్కొక్కటే చూపిస్తూ, పసిపిల్లకు అన్నం తినిపించినంత ఓపికగా నేర్పాను. అంతలో నన్ను గోడౌన్ పనికి మార్చారు. మెయిల్ చూసే పని చిన్నాయనకు వచ్చింది. చిన్నాయన అంటే మా ముసలి గుమాస్తా, పాత రాయచూరు మనిషి. ఆఫీసులో అందరూ ఆయన్ను అలాగే పిలిచేవాళ్ళం. "గీ బటన్ ఉన్నది చూడు చిన్నాయనా, మిగిలింది అదే చూసుకుంటది" అని నిలబడే చెప్పేసి వెళ్ళిపోయాను. ఆయన తలూపాడు.

నెల తిరిగేసరికి కేరళ బేరగాళ్ళు ఉలుకూ పలుకూ లేరు. మా సరుకులో సగం పోయేది వాళ్ళకే. పెద్దాయన ఉండబట్టలేక ఫోన్ చేస్తే, మూడుసార్లు ఆర్డర్ పంపినా జవాబు రాలేదని, చివరికి వేరే మిల్లుకు ఇచ్చేశామని చెప్పారు. నేను గోడౌన్ నుంచి పరుగెత్తి ఆ పక్క డబ్బా తెరిస్తే ఆర్డర్లు, లారీల కబుర్లు, గోనెసంచుల వాళ్ళ ఉత్తరాలు అన్నీ అందులోనే. లాటరీలు మాత్రం పైన దర్జాగా కూర్చున్నాయి.

"ఏంది చిన్నాయనా గిట్ల చేసినవ్?"

"నేనేం చేసిన్రా? పని అయిపోయిన కాయితం తీగకు గుచ్చుతం కద. గట్లనే, అయిపోయినయన్నీ బటన్ నొక్కి అటు పంపిన. గుచ్చినంక మల్ల ఎవరు చూస్తరు? మొదటి దినం ఆ డబ్బాల చూస్తే జవాబు రాయనియి ఎన్నో పడున్నయి, అవన్నీ తీసి మీద పెట్టిన. పాపం ఆ లాటరీలోళ్ళు, ఎన్నిసార్లు రాస్తున్నరో!"

నలభై ఏళ్ళుగా ఏ ఆఫీసులోనైనా ఆయన చేసిన పని అదే. నా ఫిల్టర్ కూడా బుద్ధిగా అదే నేర్చుకుంది, మంచి ఉత్తరం కనిపిస్తే చాలు చెత్త అనుకుంది.

ఇదంతా గుమ్మంలో నిలబడి విన్న పెద్దాయన, "రేపట్నుంచి ఈయన్ని రావద్దను" అన్నారు నాతో, ఆయన వైపు చూడకుండానే. చిన్నాయన కండువా సర్దుకుని లేచాడు. "గల్తీ నాదే సాబ్" అన్నాడు. నోరు తెరవడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకునేదాకా పట్టింది. "నేనే సరిగ్గా చెప్పలేదండీ. తప్పు నాది" అన్నాను. పెద్దాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "పోనీ ఆ సాఫ్ట్‌వేరోణ్ణి తిడదామా అంటే, ఊరికే ఇచ్చాడాయె. కూర్చుని ఇద్దరూ మొత్తం ఏరండి" అని వెళ్ళిపోయారు.

వారం రోజులు ఏరాం. (మనిషి పని తప్పించడానికి తెచ్చిన ఫిల్టర్‌కు ఇద్దరు మనుషులు!) కళ్ళు మండుతుంటే విసుగ్గా అన్నాను, "ఒక్క మాట అడిగితే చెప్పేటోణ్ణి కద చిన్నాయనా."

"నువ్వు తొందర మీదుంటివి బిడ్డా" అన్నాడాయన, తెర మీద నుంచి కళ్ళు తీయకుండా.

ఇప్పుడు నాకు ఆయన వయసు దగ్గరపడుతోంది. మొన్న మా అమ్మాయి నా ఫోన్లో ఇలాంటిదే ఏదో పెట్టి, రెండు ముక్కలు చెప్పి, బ్యాగు తగిలించుకుంది. కాస్త కూర్చుని నేర్పమ్మా అని నోటిదాకా వచ్చింది. దానికి బస్సు టైమవుతోంది. నవ్వి, సరేలే వెళ్ళిరా అన్నాను.